చీకటి గదిలో సూర్య నమస్కారాలు

మా నాన్న సూర్య నమస్కారాలు చీకటి గదిలో చేసేవాడు. మామిడికాయలు మాగబెట్టే గదిలో, తలుపు దగ్గరగా వేసుకుని, గోచీ పెట్టుకుని, వరిగడ్డి మీద. ఎందుకలాగ అంటే, లోపల సూర్యుడు ఉండడు కాబట్టి. సూర్యుడే లేనప్పుడు ఆయనకి దండం పెట్టినట్టు కాదు కాబట్టి. మేం క్రైస్తవులం. నాన్న సంఘ పెద్ద. చదివింది వానాకాలం చదువే అయినా, ఇలాంటి సందులు వెతికి దూరిపోవడంలో నూజివీడు ప్లీడర్లు ఆయన ముందు దిగదుడుపే.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా మనవరాలు బెజవాడలో వేడి గదిలో యోగా నేర్చుకుంటోంది. గదిలో హీటర్లు పెట్టి, తలుపులు మూసి, చెమటలు కక్కిస్తారట. "ఒళ్లు తేలికపడుతుంది అమ్మమ్మా, మనసు నిమ్మళిస్తుంది. ఇదంతా ఫారిన్ పద్ధతి, నీకు తెలీదులే" అంది. నవ్వొచ్చింది. కాస్త ఒళ్లు కూడా మండింది. ఆ ఫారిన్ పద్ధతి అరవైల మొదట్లోనే రెడ్డిగూడెం రోడ్డు పక్కన మా ఇంటి వెనక గదిలో, ఒక్క హీటరు కూడా లేకుండా నడిచింది. అందులో చేరిన విద్యార్థి ఒక్కడే. ఆయన గురువు మాట ఒక్కటీ వినలేదు.

మాది సొంత తోట కాదు. నాన్న ఏటా రెడ్డిగూడెం వైపు తోటల్లో కాపు గుత్తకి తీసుకునేవాడు. బంగినపల్లి పచ్చికాయగానే గంపలకెత్తి, హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ ఎక్కేది. చిన్నరసాలు మాత్రం ఇంటి దగ్గరే మాగబెట్టి పండు అమ్మేవాడు. దానికి పెరట్లో మట్టిగోడల గది ఒకటి ఉండేది. కిటికీ లేదు. ఉంగుటూరు వైపు నుంచి బండ్ల మీద తెప్పించిన వరిగడ్డి నేల మీద పరిచి, దాని మీద ఒక వరస కాయలు, మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు, అన్నిటి మీదా గోనెపట్టాలు కప్పేవాళ్లు. ఇక లోపల కాయలే వేడి పుట్టిస్తాయి. రోహిణి కార్తె ఎండలో కూడా ఆ గదిలోకి వెళ్లి బయటికొస్తే, అబ్బ, చల్లగా ఉందే అనిపించేది.

అంతకు ముందటేడు కోతల్లో నాన్న చెట్టు మీంచి పడ్డాడు. కాయకి దెబ్బ తగలకుండా చిక్కంతో ఎలా దించాలో కూలివాళ్లకి చూపిస్తానని ఎక్కాడు. చిక్కమంటే గడకర్ర చివర కట్టిన వలసంచి. నేల మీద నిలబడి వాడాల్సిన వస్తువు. దాన్ని పట్టుకుని చెట్టెందుకు ఎక్కావని మా అమ్మ బతికున్నన్నాళ్లూ అడుగుతూనే ఉంది, నాన్న బతికున్నన్నాళ్లూ జవాబు చెప్పలేదు. కాయ మాత్రం చిక్కంలో క్షేమంగా దిగింది. నాన్నకి తుంటీ మోకాళ్లూ దెబ్బతిన్నాయి. ఆకు పసర్లయ్యాయి, కట్లయ్యాయి, పెద్దాసుపత్రి మాత్రలయ్యాయి. నడక తిరిగొచ్చింది గానీ మోకాళ్లు వంగడం మానేశాయి. నేల మీద కూర్చోవడం, మోకరించడం ఇక మర్చిపొమ్మన్నాడు డాక్టరు.

నేల మీద కూర్చోవడం నాన్న మర్చిపోయాడు. రెండోది ఆయన వల్ల కాలేదు.

మా గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం ఇచ్చేవారు. ఆల్టరు ముందు పొడుగ్గా చెక్క కమ్మీ ఉంటుంది. దాని దగ్గర అందరూ వరసగా మోకరిస్తే పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం అందిస్తారు. ముందు మగవాళ్లు, వాళ్ల తరవాత ఆడవాళ్లు. మగవాళ్లలో మొట్టమొదట లేచేది నాన్నే. కమ్మీకి కుడి చివర చోటు ఆయనదని ఎవరూ రాసివ్వలేదు గానీ, అక్కడ ఇంకొకరు మోకరించడం నేనెప్పుడూ చూడలేదు. పడ్డాక ఆయన వెనక బెంచీకి మారిపోయి, ఆ సమయానికి తల దించుకుని కూర్చునేవాడు. అయ్యగారు కుర్రవాడు, మంచివాడు. "నిలబడి తీసుకోండి పెద్దాయనా, తప్పేం లేదు. లేదంటే మీరు కూర్చున్న చోటికే తెస్తాను" అని ఎన్నోసార్లు చెప్పాడు.

"నిలబడి తాగడానికి అదేమన్నా గోళీసోడానా అండీ? కూర్చున్న చోటికి తేవడానికి నేనేమన్నా వియ్యంకుణ్ణా?" అన్నాడు నాన్న.

అలా అన్నాడే గానీ, ఆ ఆదివారాల్లో ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఒకసారి గేదెకి గడ్డి వేసే వంకతో పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటున్నాడు. నాన్న ఏడవడం అంతకు ముందు నేను చూడలేదు. నాకు జాలి కంటే కోపం ఎక్కువొచ్చింది. డాక్టరు మీద కోపం, చెట్టు మీద కోపం, కమ్మీ అంత కిందికి కట్టిన వడ్రంగి మీద కోపం. చెయ్యాల్సిందేదో తెలియనప్పుడు నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది. ఇప్పటికీ అంతే.

అప్పటికి నేను బళ్లో టీచరుగా చేరి ఎక్కువ కాలం కాలేదు. మా డ్రిల్లు మాస్టారు హిందువు, సన్నగా, పొడుగ్గా, ఒంట్లో ఎముకలు లేవేమో అన్నట్టుండే మనిషి. పొద్దున్నే మైదానంలో ఆసనాలు వేస్తూ పిల్లల్ని భయపెట్టేవారు. వేసవి సెలవులిచ్చాక ఆయన్ని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. ఆయన నాన్న మోకాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, "వంగుతాయండీ. టైము పడుతుంది. రోజూ సూర్య నమస్కారాలతో మొదలు పెడదాం. ఒంటికీ మంచిదే, మనసుకీ మంచిదే. కోపం తగ్గుతుంది" అన్నారు.

"నాకు కోపం ఎక్కడుంది?" అని నాన్న అరిచిన అరుపుకి గేదె మేత ఆపి తల తిప్పింది. "అయినా సూర్యుడికి నమస్కారమేంటండీ? ఆయన్ని చేసినాయనకి పెడతాను గానీ ఆయనకి పెట్టనండి."

"పోనీ భుజంగాసనం వేయండి. పాము పడగెత్తినట్టు..."

"పామా? మొదట్లో మా తోటలో దూరి కొంపలు ముంచింది ఎవరనుకున్నారు?"

మాస్టారు మజ్జిగ తాగి వెళ్లిపోయారు. "ఆ తోట గుత్తకి తీసుకుంది కూడా మీ నాన్నేనా టీచరు గారూ?" అని వాకిట్లో నన్నడిగారు. నాన్న అన్నది బైబిల్లో తోట గురించని తెలిసి వేళాకోళమాడారో, తెలియక నిజంగానే అడిగారో నాకిప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే అసలు సంగతి జరిగింది. మాగిన పళ్లు ఏరడానికి నాన్న ఆ గదిలోకి వెళ్లాడు. మామూలుగా ఏరేది కూలికొచ్చే ఒక పెద్దావిడ. కాయని తొడిమ దగ్గర వాసన చూసి పచ్చిదో పండో చెప్పేది. ఆ రోజు ఆవిడ రాలేదు. చాలాసేపటికి లోపల్నుంచి నాన్న కేక వినిపించింది. పాము కరిచిందనుకుని అమ్మా నేనూ పరిగెత్తాం. నాన్న చెమటతో తడిసి ముద్దయి, గోడ పట్టుకుని నిలబడి, మోకాళ్లు సగానికి పైగా వంచి ఉన్నాడు. మొహమంతా నవ్వు.

"చూడవే! వంగుతున్నాయ్! కాయని మెత్తబరిచే వేడి నన్ను మెత్తబరచదా? ఇన్నాళ్లూ మందంతా పెరట్లో పెట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగాం."

మామిడికాయల వాళ్లకి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అప్పుడాయనకి వచ్చింది. తనని కూడా మాగబెట్టమన్నాడు. మర్నాడు గడ్డి పరిపించి, దాని మీద పడుకుని, నడుం దాకా గడ్డి కప్పించుకుని, పైన గోనెపట్టా వేయించుకున్నాడు. "తలుపు ఊరికే తీయకండి, ఆవిరి పోతుంది" అని మాకు ఆర్డరు. అమ్మ తలుపు మూసి, "ఏవయ్యా, నిన్ను చిన్నరసాల్లో కలపాలా, పెద్దరసాల్లోనా?" అని అడిగింది. పూట గడవకుండానే ఆయన గండుచీమలతో కుట్టించుకుని, ఒళ్లంతా గడ్డి దురదతో గోక్కుంటూ బయటపడ్డాడు. పళ్లు ఏరే పెద్దావిడ అప్పుడే వచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి, "పెద్దయ్య తొడిమ దగ్గర ఇంకా పచ్చిగానే ఉన్నాడమ్మా, ఇంకో నాలుగు రోజులు ఉంచండి" అంది. నేను నవ్వాపుకోలేక బావి దగ్గరికి పోయాను.

డ్రిల్లు మాస్టారిని మళ్లీ పిలవక తప్పలేదు. సంగతంతా విని ఆయన నవ్వలేదు. "వేడి మంచిదేనండీ, పట్టేసిన ఒళ్లు వదులవుతుంది. కానీ ఊరికే పడుకుంటే సరిపోదు. కాయకి కీళ్లు లేవు, మీకున్నాయి. వంచాలి" అన్నారు.

నాన్న గది వైపు చూశాడు. "లోపల సూర్యుడు కనపడడు కదండీ?"

"ఆయనెలా కనపడతాడండీ, కిటికీయే లేందే?"

"అయితే చేస్తాను."

పామాసనాన్ని కూడా ఒప్పుకున్నాడు, పేరు మారిస్తేనే. దానికి 'చిక్కం' అని పేరు పెట్టాడు, తల పైకెత్తి చెట్టు మీద కాయని చూస్తున్నట్టుంటుందని. శవాసనం పేరు మాత్రం మార్చక్కర్లేదన్నాడు. అది ఎలాగూ అందరూ వేయాల్సిందేనట.

ఇంకొక చిక్కుంది. గోచీ మీద ఉన్న మనిషి దగ్గరికి ఆడపిల్లనైన నేను వెళ్లకూడదు. మాస్టారు వెళ్దామంటే ఆయనకి మామిడిపళ్ల వాసనకి తుమ్ములొస్తాయి, ఆగవు. కాబట్టి మాస్టారు దూరంగా వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని ఆసనం చెప్పేవారు. నేను గది తలుపు దగ్గర పీటేసుకుని, సందులోంచి లోపలికి కేకేసేదాన్ని. లోపల నాన్న ఏం చేసేవాడో మా ఇద్దరికీ తెలియదు. మూలుగులు వినిపించేవి. ఒక్కోసారి ధబ్బుమని చప్పుడయ్యేది. "సరిగ్గా వేశారా?" అని మాస్టారు అడిగేవారు. "వేశాడండీ" అని నేను ధైర్యంగా అబద్ధమాడేదాన్ని.

ఆసనంలో ఎంతసేపు ఉండాలన్నది ఇంకో తగువు. మాస్టారు ఊపిరి లెక్క చెప్పారు. నాన్నకి అది నచ్చలేదు. పరలోక ప్రార్థన ఒకసారి అయ్యేదాకా ఉంటానన్నాడు. మొదట్లో ఆ ప్రార్థన మెయిలుబండిలా స్టేషన్లన్నీ వదిలేసి ఒకే ఊపున ఆమెన్‌లో ఆగేది. మాస్టారికి మాటలు తెలియకపోయినా అనుమానమొచ్చేది. "టీచరు గారూ, మీ ప్రార్థన నిన్నటికంటే చిన్నదైందేంటండీ?" అనేవారు. నేను కేకేస్తే నాన్న మళ్లీ మొదట్నుంచి అందుకునేవాడు, పళ్లు బిగించి.

అమ్మకి ఇదంతా కంటగింపుగా ఉండేది. లేదంటే మేం అలా అనుకునేవాళ్లం. ఒకరోజు నాన్న శవాసనం వేసి గడ్డి కుప్ప మీద వాలిపోతే, కింద గంపెడు పళ్లు చితికిపోయాయి. వీపంతా రసం కారుతూ బయటికొచ్చాడు. "చావడానికి నీకు చిన్నరసాలే దొరికాయా?" అని అమ్మ బావి దగ్గర నిలబెట్టి నాలుగు బొక్కెనలు కుమ్మరించింది. అయినా ఒక మార్పు ఆవిడే ముందు కనిపెట్టింది. "మీ నాన్న ఈమధ్య కూరలో ఉప్పు తక్కువైనా అరవట్లేదేంటే?" అంది నాతో. నేను నాన్ననే అడిగాను. "లోపల ఎవరూ నన్ను రేటు అడగరే. చీకట్లో నేనూ, కాయలూ. అవి మాగుతున్న చప్పుడు వినపడుతుంటుంది" అన్నాడు. కాయలు మాగితే చప్పుడేమిటని అడగబోయి ఊరుకున్నాను. ఆయన చెట్టు మీంచి పడకముందు కూడా ఆ మొహం అంత ప్రశాంతంగా ఉండడం నేను చూడలేదు.

రోడ్డు మీద పోయేవాళ్లకి మాత్రం ఇవేవీ కనపడవు. వాళ్లకి వినిపించేది, "ఎడమ కాలు వెనక్కి! నడుం పైకెత్తు! ఇంకా!" అని నా కేకలు, తలుపు వెనక మగమనిషి మూలుగులు, మధ్యలో గడగడా ప్రార్థన. సంఘంలో కథలు పుట్టాయి. కూతురు తండ్రిని గదిలో పెట్టి దెయ్యం వదిలిస్తోందని కొందరు, డ్రిల్లు మాస్టారు మమ్మల్ని మతం మార్చేస్తున్నాడని కొందరు. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం అయ్యగారు సైకిలేసుకుని వచ్చాడు, తెల్లంగీతో సహా. మాస్టారు మంచం మీంచి లేచి నమస్కారం పెట్టారు. ఆయన తిరిగి పెట్టి, నేరుగా తలుపు దగ్గరికెళ్లాడు.

"పెద్దాయనా, మీరు సూర్యుడికి మొక్కుతున్నారని అంటున్నారండీ సంఘంలో."

"ఇక్కడ సూర్యుడు లేడండీ అయ్యగారూ" అన్నాడు నాన్న లోపల్నుంచి. "నమ్మకం లేకపోతే లోపలికొచ్చి వెతుక్కోండి."

అయ్యగారు నిజంగానే లోపలికెళ్లాడు. తలుపు మూసుకుంది. చాలాసేపటి తరవాత ఇద్దరి గొంతులూ కలిసి ప్రార్థన చెప్పడం వినిపించింది, ఈసారి ఏ స్టేషనూ వదలకుండా, నెమ్మదిగా. అయ్యగారు బయటికొచ్చేసరికి అంగీ ఒంటికి అంటుకుపోయింది, జుట్టులో గడ్డిపోచలు. అమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగేశాడు.

"సూర్యుడు లేడు" అన్నాడు మా అందరితో. గొంతు తగ్గించి, చేతి వేళ్లు చాపి చూపించాడు. "మోకాలికీ నేలకీ మధ్య జానెడు మిగిలిందండీ. అంతే."

అన్నాళ్లూ లోపల ఏం జరుగుతోందో మాకు తెలిసింది అప్పుడే. రోజూ ఆసనాలన్నీ అయ్యాక నాన్న ఆ చీకట్లో, కుడి చివర కమ్మీ ఉన్నట్టే గోడ పట్టుకుని, మోకరించడానికి చూసుకుంటున్నాడన్నమాట. అమ్మ చెంబు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆయన బయటికి రాగానే అమ్మ అడిగేది ఒకే ప్రశ్న. "ఎంత?" నాన్న వేళ్లు చూపించేవాడు. జానెడు కాస్తా తగ్గుతూ తగ్గుతూ బెత్తెడుకొచ్చింది. బెత్తెడంటే నాలుగువేళ్ల మందం. అక్కడ ఆగిపోయింది. ఎన్ని చిక్కాలేసినా, ఎన్ని ప్రార్థనలు నెమ్మదిగా చెప్పినా ఆ నాలుగువేళ్లూ కరగలేదు. కాపు అయిపోవచ్చింది. చివరి వాయి చిన్నరసాలు ఏరి పంపేశాక గది చల్లబడింది. గడ్డి ఊరికే గడ్డిలా పడి ఉంది. ఆ శనివారం తొలకరి పడింది. తెల్లవారితే మొదటి ఆదివారం.

"చలికి మళ్లీ పట్టేసినట్టున్నాయే. వచ్చే కాపుకి చూద్దాంలే" అన్నాడు నాన్న పొద్దున్న మోకాళ్లు రాసుకుంటూ. మళ్లీ ఏడాది! నాకు ఒళ్లు మండిపోయింది. "వెళ్లి నిలబడు నాన్నా! దేవుడికి నాలుగువేళ్లు ఒక లెక్కా?" అని అరిచేశాను. గుళ్లో నాన్న వెనక బెంచీ దగ్గర ఆగకుండా ముందుకెళ్లి కూర్చున్నాడు.

మగవాళ్లని పిలిచినప్పుడు ఆయనే మొదట లేచాడు. కుడి చివర నిలబడి, కమ్మీ పట్టుకుని వంగడం మొదలుపెట్టాడు. వంగాడు, వంగాడు, బెత్తెడు దగ్గర ఆగిపోయాడు. కిందికి పోలేడు, పైకి లేవలేడు. అయ్యగారు పళ్లెం పట్టుకుని శిలలా నిలబడిపోయాడు. నాకు పరిగెత్తుకెళ్లి పట్టుకోవాలనిపించి సగం లేచాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ లేచింది. మగవాళ్లు మోకరించే వేళ ఆడది అటు వెళ్లడం మా గుడిలో ఎవరూ చూసి ఉండరు. పైటకొంగు చాటు నుంచి ఒక చుట్టకుదురు తీసింది. నెత్తి మీద గంప కింద పెట్టుకునే దానిలాంటిదే, గడ్డి పేని, గుడ్డ చుట్టిందే. మాగబెట్టే గదిలో గడ్డితో చేసింది. దాన్ని నాన్న మోకాళ్ల కిందికి తోసి, "దించు" అంది.

నాన్న దించాడు. సరిగ్గా ఆనింది. బెత్తెడు మందం, వెంట్రుకవాసి తేడా లేదు. అన్ని రోజులూ ఆవిడ "ఎంత?" అని అడిగింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆల్టరు దగ్గరంతా మాగిన చిన్నరసాల వాసన కమ్ముకుంది. నాన్న రొట్టె తీసుకుంటూ అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అమ్మ మాత్రం తన చోటికి వెళ్లి కూర్చుని పైట సర్దుకుంది.

లేవడం దగ్గర మళ్లీ ఇబ్బందయింది. బయట కిటికీ దగ్గర్నుంచి, "ఊపిరి పీల్చండి! కుడి కాలు ముందుకి! ఇప్పుడు లేవండీ!" అని పెద్ద కేక వినిపించింది. డ్రిల్లు మాస్టారు వానలో గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. నాన్న లేచాడు. అలా లేవడం సంఘంలో అందరూ మెచ్చుకున్నారు.

చుట్టకుదురు తేవడం మర్చిపోయి ఇంటికొచ్చేశాం. మరుసటి నెల ప్రభు భోజనం నాటికి అది కమ్మీ కుడి చివర అలాగే ఉంది. మగవాళ్ల వంతులో నాన్న లేచి వెళ్లబోతే ఆయన చోట్లో వేరే ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఇంకొకాయన. ఆడవాళ్ల వంతు వచ్చినప్పుడు, ఎన్నాళ్లుగానో వెనక బెంచీలో తల దించుకుని కూర్చునే ముసలమ్మలు కూడా లేచి, గోడ పట్టుకుంటూ, ఆ చివరకే వచ్చారు. వాళ్లంతా ఊరికే వెనక కూర్చుంటున్నారనే అనుకున్నాను నేను. నాన్న కూడా అలాగే అనుకున్నాడు. ఆ పూట తన వంతు కోసం చిట్టచివరి దాకా ఆగాల్సొచ్చింది.

"నా చోటు! నా కుదురు!" అని దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక అన్నం కూడా తినకుండా మాగబెట్టే గదిలోకి వెళ్లి ఇంత గడ్డి తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ ముసలమ్మలకి ఎంతుంటుందే?" అన్నాడు గడ్డి పేనుతూ. "జానెడా, బెత్తెడా?"